మెంటార్ అంటే ఇల్లు చూసుకునేవాడు

పోయిన నెలలో శ్రీకాకుళంలోని ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు నన్ను పిలిచి మెడలో ఒక కార్డు వేశారు. నీలం రంగు తాడు, దానికి వేలాడే ప్లాస్టిక్ కార్డు, కార్డు మీద నా పేరు, పేరు కింద మెంటార్ అని ఇంగ్లీషు అక్షరాలు. ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని కదా, ఇంట్లో ఒక్కదాన్నే గోడలు చూస్తూ కూర్చునే బదులు వారానికి రెండు రోజులు వచ్చి పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. ఎవరైనా పిలిస్తే చాలు అన్నట్టుంది నా పరిస్థితి. అయినా వెంటనే ఒప్పుకుంటే చులకనవుతానని, ఆలోచించుకుని చెబుతానని బింకంగా అన్నాను. మర్నాడు పొద్దున్నే చీర ఇస్త్రీకిచ్చి వచ్చాను.

నా వంతుకు పదిమంది పిల్లల్ని ఇచ్చారు. వాళ్లను మెంటీలు అనాలట. ఆ మాట వినగానే ఒళ్లు మండింది. మెంటార్ అనేది ఒక మనిషి పేరు. దాని తోక తెంపి ఇంకో తోక తగిలించడమంటే, సూరయ్య దగ్గర చదువుకున్నవాణ్ణి సూరీ అని పిలిచినట్టుంటుంది. కానీ ఈ రోజుల్లో నా కోపంతో ఎవరికి పని? క్రికెట్ జట్టుకు మెంటార్ ఉన్నాడు, కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీలో కోటు వేసుకుని చేతులు కట్టుకున్న మెంటార్ ఉన్నాడు, ఫోన్లో డబ్బు కడితే దొరికే మెంటార్ కూడా ఉన్నాడట. నిఘంటువులో ఉన్నది ఉన్నట్టు పిల్లలకు చెప్పాను. అనుభవం ఉన్నవాడు, నమ్మదగినవాడు, తనకంటే చిన్నవారికి దారి చూపించేవాడు అని. అప్పుడు పలాస వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల లేచి నిలబడి, మరి మీ మెంటార్ ఎవరు మేడమ్ అని అడిగింది. విశాఖపట్నంలో నాకు ఎం.ఏ. పాఠాలు చెప్పిన ప్రొఫెసరు గారి పేరు చెప్పాను. ఆ పిల్ల శ్రద్ధగా నోటుబుక్కులో రాసుకుంది. నేను చెప్పింది అబద్ధం.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి తాళం తీసి, చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చున్నాను. మా అపార్టుమెంటులో పక్కింటి కుక్కరు కూత మన వంటింట్లోంచే వచ్చినట్టుంటుంది. నేను పెళ్లి చేసుకోలేదు. తీరిక లేకపోయిందని అందరితో చెబుతాను గానీ, నిజానికి నన్నెవరూ గట్టిగా అడగలేదు. ఆ కుక్కరు కూతలు లెక్కపెడుతూ, నిజం చెప్పడానికి ఆ పూట నాకేం అడ్డొచ్చిందా అని ఆలోచించాను. నిజం పొడుగైనది. అందులో చదువు రాని మనిషి ఒకడు ఉన్నాడు. కాలేజీ సెమినార్ హాల్లో చెప్పడానికి నామోషీ పడ్డాను, అంతే.

అసలు మెంటార్ కథ ఇది. గ్రీకుల పురాణాల్లో ఒక చిన్న దీవికి రాజు యుద్ధానికి వెళుతూ, తన పాత స్నేహితుడైన ఒక ముసలాయనను పిలిచి, ఇల్లు చూసుకోమని చెప్పి పడవ ఎక్కాడు. ఆ ముసలాయన పేరే మెంటార్. రాజు ఇరవై ఏళ్లు రాలేదు. ఆ లోపల పనీపాటా లేనివాళ్లంతా రాజుగారింట్లో చేరి, రాణిని పెళ్లాడతామని కూర్చుని, మందలన్నీ కోసుకు తినేశారు. ముసలాయన ఏమీ చెయ్యలేకపోయాడు. ఒకసారి సభలో లేచి నాలుగు మాటలంటే నోరు మూసుకోమన్నారు. రాజు కొడుకు పెరిగి పెద్దవాడై దిక్కు తోచకుండా ఉన్నప్పుడు, వాళ్ల జ్ఞానదేవత ఈ ముసలాయన రూపం, ఈ ముసలాయన గొంతు వేసుకుని వచ్చి, ఇంట్లో కూర్చోకు, బయటికి వెళ్లు, తండ్రి సంగతి కనుక్కో అని ధైర్యం చెప్పింది. అంటే లోకం ఇవాళ మెంటార్ మాటలని మెచ్చుకుంటున్నవి అసలు మెంటార్ అన్నవి కావు. ఎన్నో వందల ఏళ్ల తర్వాత వేరే దేశంలో ఎవరో ఆ కథను తిరగరాసి ఆయన్ను గొప్ప గురువుగా నిలబెట్టారు. అప్పటినుంచి ఆయన పేరు అందరి పేరైంది. మొదట్లో ఆయనకు అప్పజెప్పిన పని చదువు చెప్పడం కాదు. ఇల్లు చూసుకోవడం.

మా పేటలోనూ అలాంటి పని ఒకటి ఉండేది. కళింగపట్నానికి అవతల, ఇసకలో తాటాకు ఇళ్ల వరసలు, వెనక సరుగుడు తోట, ముందర సముద్రం. మా ఊరి చేపలు మా ఊరి కడుపులు నింపడం మానేసిన రోజులవి. మగవాళ్లు వానాకాలం చివర్లో ఆమదాలవలసలో రైలెక్కి గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్లి, ఎండాకాలంలో తిరిగి వచ్చేవారు. వెళ్లేముందు ఇంటి మగవాడు, సముద్రం మానేసిన ఒక పెద్దాయనను పిలిచి, ఆకూ వక్కా ఒక చుట్టా చేతిలో పెట్టి ఇంటిని అప్పజెప్పాలి. తిరిగి వచ్చినవాడు తన గడప తొక్కకముందే ఆ పెద్దాయన భుజం మీద కొత్త తువ్వాలు వేసి, ఇల్లు తీసుకుంటున్నానని అనాలి. ఆ మాట పడితేనే బరువు దిగినట్టు. మాకు ఆ పెద్దాయన అప్పలసూరి తాత. చుట్టరికం లేదు. మా తాతతో కలిసి తెప్ప మీద వేటకు వెళ్లినవాడు. ఒకసారి అలల్లో తెప్ప తిరగబడి మోకాలు చితికాక ఒడ్డునే ఉండిపోయాడు. పెళ్లాం పోయింది, పిల్లలు లేరు. ఏటేటా మా నాన్న ఆయనకు తాంబూలం ఇస్తూ ఒకే మాట చెప్పేవాడు.

"ఇద్దరు ఆడోళ్లు, ఒక తెప్ప, ఒక ఇల్లు. నీకప్పజెప్పి ఎల్తన్నాను మావా. సూసుకో."

తాత చూసుకునే పద్ధతి చూస్తే మీకు నవ్వొస్తుంది. పొద్దు పొడిచేసరికి కుంటుకుంటూ వచ్చి మా అరుగు చివర కూర్చునేవాడు. లోపలికి తొంగి చూడకుండా, సముద్రం వైపు మొహం పెట్టి, ఉన్నారా అని అడిగేవాడు. ఉన్నాం అని అమ్మ లోపలినుంచి అనేది. ఆ తర్వాత చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, ఆ చుట్ట అయ్యేదాకా కూర్చుని వెళ్లిపోయేవాడు. సాయంత్రం మళ్లీ అంతే. మా గడప ఏనాడూ దాటలేదు. అమ్మ చోడి అంబలి గిన్నెతో వచ్చి బతిమాలినా ముట్టుకునేవాడు కాదు. కాపలా ఉన్న ఇంట్లో తినకూడదని ఆయన నియమం. మా ఇంటి ఉదయాలంటే నాకు ఇప్పటికీ గుర్తొచ్చేవి అరుగు మీద తడి పేడ వాసన, దడి మీద ఆరేసిన నెత్తళ్ల చేపల వాసన, వాటి మీదుగా వచ్చే ఆ చుట్ట పొగ. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లమ్మట చేపలు అమ్మడానికి బయల్దేరేదాకా ఆ పొగ అక్కడే ఉండేది.

నాకు మాత్రం ఆయనంటే విసుగు. ఎక్కాలు చెప్పడు, కథలు చెప్పడు, నా పలక వైపు చూడనైనా చూడడు. దొంగ ఎత్తుకుపోవడానికి ఏమీ లేని ఇంటికి ఈయన కాపలా ఏమిటని అమ్మతో అంటే, నోరు మూసుకో అనేది. నాన్న ఇంట్లో లేని ఎనిమిది నెలలూ ఆ రెండు పూటల పలకరింపే మా అమ్మకు ఊతమని అప్పట్లో నాకు తెలియదు. మనిషి ఉన్నాడో లేడో రోజుకు రెండుసార్లు ఇంకొకరు అడగడం ఎంత పెద్ద సంగతో, అడిగేవాళ్లు లేని ఇంట్లో ఉంటే గానీ అర్థం కాదు.

నేను పదో తరగతి చదువుతున్న ఏడాది నాన్న బోటు సరిహద్దు దాటిందని అవతలి దేశం వాళ్లు పట్టుకెళ్లారు. బతికే ఉన్నారని పేర్ల జాబితా వచ్చింది. ఎప్పుడు వదులుతారో ఎవరికీ తెలియదు. ఆ ఎండాకాలం మిగతా ఇళ్లకు మగవాళ్లు వచ్చారు, భుజాల మీద కొత్త తువ్వాళ్లు పడ్డాయి. తాత మాత్రం మా అరుగు మీద పాత తువ్వాలుతోనే కూర్చున్నాడు. అంతలో నేను పరీక్ష పాసయ్యాను. మా బడి హెడ్మాస్టరు నడిచి మా ఇంటికి వచ్చి, శ్రీకాకుళంలో హాస్టలున్న కాలేజీలో నాకు సీటు వచ్చిందని, పదిరోజుల్లో చేరకపోతే పోతుందని చెప్పారు. అమ్మ నా వైపు, గంప వైపు చూసింది. తాతని అడుగు అంది.

తాత చుట్ట తీసి పక్కన పెట్టాడు. వీల్లేదన్నాడు.

"మీ అయ్య ఇద్దర్ని అప్పజెప్పినాడు. వొచ్చి సూసేతలికి ఒకరుంటే నానేటి సెప్పీది? ఆడొచ్చీదాకా ఏదెక్కడున్నాదో అదక్కడే ఉండాల."

ఆయన దృష్టిలో ఇల్లు చూసుకోవడమంటే అదే. వదిలివెళ్లిన మనిషికి తిరిగొచ్చేసరికి ఏమీ మారకుండా అప్పగించడం. తెప్ప తెప్పలాగే, దడి దడిలాగే, పిల్ల పిల్లలాగే. పిల్ల పెరుగుతుందని, పెరిగిన పిల్లను దడికి కట్టెయ్యలేమని ఆయనకు తట్టలేదు. నేను ఏడ్చాను. అరిచాను. నువ్వు మాకేమవుతావు, నాకు అడ్డం పడ్డానికి నువ్వెవరు అని, వీధిలో అందరూ వినేలా అన్నాను. ఆయన కర్ర పట్టుకుని లేచి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున్న అరుగు చివర ఎవరూ లేరు. నాకు తెలిసి అదే మొదటిసారి.

మధ్యాహ్నానికి తెలిసింది. ఉతికిన చొక్కా వేసుకుని, అమ్మ దగ్గర ఎండుచేపల పొట్లం తీసుకుని, రాములు తాలూకు కబురు కనుక్కుని వస్తానని చెప్పి ఆమదాలవలస బస్సెక్కాడట. రాములంటే మా నాన్న. రైలెప్పుడూ ఎక్కని మనిషి, మోకాలు వంగని మనిషి, భాష తెలియని చోటికి పోయి ఎవరిని అడుగుతాడని పేటంతా నవ్వింది. నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు పొద్దున్న వచ్చాడు. మొహం పీక్కుపోయింది. ఆ రోజు కూర్చోలేదు, నిలబడే చెప్పాడు.

"గుంటని పంపమన్నాడు."

మా వైపు గుంట అంటే ఆడపిల్ల, అంటే నన్నే. ఎవరన్నారని అమ్మ అడిగింది. రాములే అన్నాడు తాత. ముందుగా వదిలిపెట్టినవాళ్లు కొందరు వచ్చారని, వాళ్లచేత కబురు పంపాడని. ఎలా ఉన్నాడట అని అమ్మ అడిగితే బాగున్నాడంట అని సముద్రం వైపు తిరిగి చెప్పాడు. అమ్మ ఇంకేమీ అడగలేదు. ఆ మూడో రోజే నేను రేకు పెట్టెతో హాస్టల్లో ఉన్నాను. బస్సెక్కేముందు తాతకు ఒక్క మాట చెప్పలేదు. గెలిచానన్న పొగరుతో ఉన్నాను.

రెండేళ్లకు నాన్న తిరిగి వచ్చాడు. ఆ రోజు నేను ఇంట్లో లేను, అమ్మ చెప్పగా విన్నదే. నాన్న వీధి మలుపు తిరిగేసరికి తాత కబురందుకుని అరుగు దగ్గర నిలబడి ఉన్నాడట. నాన్న చేతిలో దారిలో కొన్న కొత్త తువ్వాలు ఉందట. గడప దగ్గర అమ్మ ఒక్కతే కనబడేసరికి, పిల్లేదని అడిగాడు. నువ్వే కదా చదువుకి పంపమన్నావు అంది అమ్మ. నేనెవరితో అన్నాను అన్నాడు నాన్న. ఆ జైల్లో గోడకు ఆనుకుని రెండేళ్లూ ఆయన కళ్లముందు పెట్టుకున్నది ఒకటే బొమ్మ, గడపలో నిలబడి ఇద్దరు ఆడవాళ్లు. ఆ బొమ్మలోంచి ఒకరిని ఎవరో తీసేసినట్టయింది ఆయనకు. తాతను అందరిముందూ ఒక్క మాట అడిగాడట.

"నానన్లేని మాట నా నోట్లో నువ్వెలగెట్టీసేవు మావా?"

నాన్న తువ్వాలు చంకలోనే పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

నన్ను చదువు మాన్పించలేదు గానీ, నాన్న ఆ తర్వాత నాతో పెద్దగా మాట్లాడలేదు. జైలు ఆయన మాటల్ని చాలామటుకు అక్కడే ఉంచేసుకుంది. గుజరాత్ కూడా మళ్లీ వెళ్లలేదు. తాతతో మాట కలపలేదు. తాతకేమో తువ్వాలు పడలేదు, ఇల్లు తీసుకుంటున్నాననే మాట పడలేదు. కాబట్టి ఆయన లెక్కలో మా ఇల్లు ఇంకా ఆయన మీదే ఉంది. అరుగు మీదకి రావడానికి మొహం చెల్లలేదు, రాకుండా ఉండడానికి మనసొప్పలేదు. మా ఇంటికి ఎదురుగా, కాస్త ఎడంగా, బోర్లించిన తెప్ప ఒకటి ఉండేది. పొద్దున్నా సాయంత్రం దాని మీద వచ్చి కూర్చునేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. చుట్ట అయ్యేదాకా కూర్చుని వెళ్లిపోయేవాడు. అలా ఎన్నేళ్లో. సెలవులకు వచ్చినప్పుడల్లా నేను ఆయన్ను చూస్తూనే ఉన్నాను. నాన్నకు కోపమొస్తుందని ఒకటి, నా ఇంగ్లీషు చదువు మీద నాకున్న గర్వం ఒకటి, మొత్తానికి పలకరించలేదు. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

ఆ ప్రొఫెసరు గారు విశాఖలో గ్రీకు కథ చెబుతూ, దేవత ముసలాయన గొంతుతో మాట్లాడిందన్నప్పుడు క్లాసులో నా చేతిలో కలం ఆగిపోయింది. మా పేటకు ఏ దేవతా రాలేదు. ఒక ముసలాయన తనంతట తాను వెళ్లి మా నాన్న గొంతు అరువు తెచ్చుకున్నాడు. ఎవరి ఇంటిని ఉన్నది ఉన్నట్టు అప్పగించడానికి బతుకుతున్నాడో, ఆ ఇంటిని తన చేత్తోనే మార్చి, ఆ తప్పు నెత్తిన వేసుకున్నాడు. ఇది తెలిశాక కూడా నేను వెంటనే పేటకు పరిగెత్తలేదు. పరీక్షలున్నాయి, తర్వాత ఉద్యోగం వచ్చింది, విజయనగరం బదిలీ అయింది. ఏదో ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఇప్పుడు నా మెడలో ఉన్న కార్డు ప్రకారం నేను పిల్లలతో వారానికి నలభై నిమిషాలు మాట్లాడి, రిజిస్టర్లో సంతకం పెట్టించుకోవాలి. పోయిన వారం ఒక పిల్ల రాలేదు. ఎందుకు రాలేదని ఆఫీసులో అడిగితే, ఆ కాలమ్‌లో గైర్హాజరు అని వెయ్యండి మేడమ్, చాలు అన్నారు. వేశాను.

నాన్న చనిపోయిన ఏడాది, నేనింకా ఉద్యోగంలో ఉండగానే, దినాలు అయ్యాక, శ్రీకాకుళంలో ఒక తువ్వాలు కొని అప్పలసూరి తాత పాకకు వెళ్లాను. అప్పటికి ఆయనకు చూపు బాగా మందగించింది. తెప్ప దాకా నడవలేక పాకలోనే కూర్చుని మా ఇంటి దిక్కుకు మొహం పెట్టుకుని ఉన్నాడు. నా గొంతు వినగానే గుర్తుపట్టి, గుంటా అన్నాడు. తువ్వాలు భుజం మీద వేసి, మా నాన్న బదులు నేను తీసుకుంటున్నాను తాతా, మా ఇల్లు, అన్నాను. ఆయన దాన్ని వేళ్లతో తడిమి చూసుకున్నాడు. కాదనలేదు. భుజం మీదనుంచి తీసి మడతపెట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే, ఇన్నేళ్లుగా అడగనిది అడిగాను. ఆ నాలుగు రోజులూ ఎక్కడిదాకా వెళ్లావని.

ఆమదాలవలస దాటలేదన్నాడు. రెండు రైళ్లు ఎక్కబోయి దిగిపోయాడట. ఎక్కినా రాములు దొరకడని తెలుసు. అందుకని ప్లాట్‌ఫారం మీదే కూర్చున్నాడు. గుజరాత్ నుంచి పని ముగించుకుని వస్తున్న మన వైపు మగవాళ్లు మూటలతో ఆ స్టేషన్లోనే దిగుతారు కదా. దిగినవాళ్లను ఒక్కొక్కరినీ ఆపి ఎండుచేపలు చేతిలో పెట్టి ఒకటే మాట అడిగాడట. నీకు ఒక్కతే కూతురుండి, అది పదీ పాసై, నువ్వేమో రాలేని చోట ఇరుక్కుపోతే, దాన్ని పంపమంటావా, ఉంచమంటావా అని.

"పదకొండు మందినడిగేను," అన్నాడు. "పదిమంది ఉంచమన్నారు."

"మరి పదకొండోవాడు పంపమన్నాడా?"

"ఆడేటీ అన్నేదు గుంటా. మూట మీద కూకోని ఏడిసీసేడు. మరి మీ అయ్యనడిగితే ఆడూ అలగే ఏడిసీవోడు కదా అనిపించినాది. అదే పంపమన్నట్టని అట్టుకొచ్చేను."

నేను నాన్న కోసం ఏడవడం ఆ క్షణంలోనే మొదలైందనుకుంటాను. దినాలన్నీ పొడికళ్లతో జరిపించినదాన్ని. మొహం తుడుచుకుని, ఆ మనిషిది ఏ ఊరో, పేరేమిటో అడిగావా తాతా అన్నాను. ఇప్పటికైనా వెళ్లి కలవచ్చని నా ఆశ.

తాత కనబడని కళ్లతో నా వైపు తిరిగాడు.

"ఏడుస్తన్నోణ్ణి ఊరెలగడుగుతాను గుంటా," అన్నాడు.